ఫ్యూజు ఎందుకు పోయింది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో భోజన విరామానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికమీదనే ముగ్గురున్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ రేడియో మరమ్మతుల సంగతి ఏదైనా చెప్పండి, అటకలమీద పాత సెట్లున్నవాళ్ళు చాలామంది అడుగుతున్నారు" అన్నారు. నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. రేడియో పని ఆఫీసు వదిలాక ఇంటి దగ్గర చేసుకున్నది. అందుచేత లెక్కలు తక్కువగా, జాగ్రత్తలు ఎక్కువగా చెబుతాను. విసుగనిపిస్తే వెనక వరుసవాళ్ళు చెయ్యెత్తవచ్చు.

ఈ బల్లమీద ఉన్నది వాల్వు ఆంప్లిఫయరు. మనతో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుడు తన చేతులతో తయారుచేసుకున్నది. పేరు చెప్పవద్దని ఆయన ఇల్లాలు కోరారు కాబట్టి చెప్పను. ఇంగ్లండులో ముల్లార్డ్ అనే వాల్వుల కంపెనీ 1950ల మధ్యలో, ఇంట్లో కట్టుకునేవాళ్ళకోసం ఒక సర్క్యూటు ప్రచురించింది. దాని పేరు ఫైవ్-టెన్. ఐదు వాల్వులు, పది వాట్లు అన్నమాట. బెంగళూరులో మన భారత్ ఎలక్ట్రానిక్స్‌వారు 1961లో వాల్వుల తయారీ మొదలుపెట్టారు. ఆ తర్వాత మనదేశంలో చాలామంది ఔత్సాహికులు ఇటువంటి పెట్టెలు కట్టుకున్నారు. ఇందులో చివర పాట వినిపించేవి రెండు ఇ.ఎల్.84 వాల్వులు. కరెంటు మార్చి ఇచ్చేది ఇ.జడ్.81.

కరెంటు లోపల ఎలా నడుస్తుందో రెండు మాటల్లో చెబుతాను, లేకపోతే ముందు కథ అర్థం కాదు. గోడలోంచి 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరులోకి పోతుంది. దాని రెండో వైపు రెండు రకాల చుట్లున్నాయి. ఒకటి 6.3 వోల్టులిస్తుంది. వాల్వులలో ఎర్రగా వెలిగే తీగెలకు అదే ఆధారం. రెండోదానికి నడుమ ట్యాపింగు ఉండి అటు 300, ఇటు 300 వోల్టులిస్తుంది. దీన్ని ఇ.జడ్.81 డి.సి.గా మారుస్తుంది. బోరింగు పంపు కొడితే నీళ్ళు దూకుడుగా, ఆగి ఆగి పడతాయి గదా, ఈ డి.సి. అలా వస్తుంది. కండెన్సరులు తొట్టెల్లాంటివి. దూకుడుగా వచ్చినదాన్ని నింపుకొని అడుగునుంచి సమంగా వదులుతాయి. ఇంతే పవర్ సప్లై.

ఆయన పోయిన తర్వాత పెట్టె ఆరేళ్ళు అటకమీద ఉంది. కిందటేడు మనవడు, ఇంజనీరింగు చదివే కుర్రవాడు, దింపి ప్లగ్గు పెట్టాడు. పాట వచ్చింది, పాటతోపాటు గుర్రుమని శబ్దం కూడా వచ్చింది. బజారులో ఒక మెకానిక్కుకు ఇచ్చారు. గుర్రుకు మందు పెద్ద కండెన్సరని అతను 50 మైక్రోఫారడ్లున్నచోట 220 వేశాడు. గుర్రు కొంత తగ్గింది. నెల తిరగకుండా స్విచ్చి వేసినప్పుడల్లా రెక్టిఫయరు వాల్వులో నీలంగా మెరుపు రావటం మొదలైంది. వాల్వు మార్చాడు. తర్వాత ఫ్యూజు పోయింది. వేశాడు. అరగంట పాట తర్వాత మళ్ళీ పోయింది. ఇలా మూడుసార్లయ్యాక ఫ్యూజు గొట్టంచుట్టూ రెండు పోగుల రాగితీగ చుట్టి "ఇక పోదండీ" అని అప్పజెప్పాడు.

అతనన్నది నిజమే, ఫ్యూజు ఇక పోలేదు. ఒక సాయంత్రం ఆవిడ నాకు ఫోను చేశారు. "అన్నయ్యగారూ, పెట్టెలోంచి ఏదో మాడు వాసన వస్తోందండీ. ప్లగ్గు పీకేశాను. ఆయన ఉండగా ఎన్నడూ ఇలా కాలేదు."

ఆ వాసన ట్రాన్స్‌ఫార్మరు చుట్లకు పూసిన వార్నిషుది. ఆవిడ ప్లగ్గు పీకకపోతే చుట్టుకు చుట్టు అంటుకుపోయేది, కాస్త ఆలస్యమైతే కర్టెను అంటుకునేది. ఈ పెట్టెలో మిగతావన్నీ డబ్బు పెడితే దొరుకుతాయి. వాల్వులు ఈనాటికీ రష్యాలో, స్లొవాకియాలో, చైనాలో తయారవుతున్నాయి. కాని ఈ ట్రాన్స్‌ఫార్మరు ఆయన స్వయంగా చుట్టినది. పక్కన అతికించిన కాగితం చూడండి, ఎన్ని చుట్లో, ఏ గేజి తీగో, ఆయన చేతివ్రాతలో ఉంది. మన సెక్షనులో ఆయన రాత ఎంత గుండ్రంగా ఉండేదో ఎరిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అది కాలిపోతే మళ్ళీ కొని తెచ్చేది కాదు.

మన ఆఫీసుల్లో నోట్ ఫైలు వేరు, కరెంట్ ఫైలు వేరు. పైనున్న నోటు ఒక్కటే చదివి దానిమీద ఇంకో నోటు రాసేవాడు ఎప్పుడూ ఉంటాడు. అడుగున ఉన్న అసలు అర్జీ ఎవరూ తియ్యరు. ఈ పెట్టెకు జరిగింది అదే. గుర్రు ఒక నోటు, మెరుపు ఒక నోటు, ఫ్యూజు ఒక నోటు. ప్రతి మరమ్మతూ తర్వాతి జబ్బును తెచ్చింది. ఇ.జడ్.81 తయారుచేసినవాళ్ళు దాని ముందర 50 మైక్రోఫారడ్లకు మించి పెట్టవద్దని స్పష్టంగా వ్రాశారు. ఖాళీ తొట్టె ఎంత పెద్దదయితే స్విచ్చి వేసిన క్షణాన అంత కరెంటు లాగుతుంది. 220 పెడితే పాపం ఆ వాల్వు ఏం చేస్తుంది? మెకానిక్కుది దురుద్దేశమని నేను అనను, తొందర. ఐదు నిమిషాలు నడిపిచూసి పంపించేవాడికి అరగంట తర్వాత వచ్చే జబ్బు కనిపించదు.

ఫ్యూజు పోయిన తీరు కూడా చూడాలి. గాజు గొట్టం లోపల నల్లగానో, అద్దంలా తళతళగానో అయిందంటే ఎక్కడో నేరుగా షార్టు ఉందన్నమాట. గాజు శుభ్రంగా ఉండి తీగ నడుమ మాత్రం కరిగి వంగిందంటే, మొయ్యలేని బరువును చాలాసేపు మోసిందన్నమాట. అదృష్టవశాత్తూ మనవడు పాత ఫ్యూజులు మూడూ డబ్బాలో దాచాడు. మూడింటిలోనూ గాజు శుభ్రం. అంటే షార్టు కాదు. ఏదో ఒకటి నెమ్మదిగా, వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు తాగుతోంది. పెట్టె మూత తియ్యకముందే సగం సంగతి అక్కడ తేలింది.

ఇక మూత తియ్యటం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే ప్రాణం సంగతి. ప్లగ్గు పీకినా ఈ కండెన్సరులలో 300, 400 వోల్టులు నిలవ ఉండిపోవచ్చు. కరెంటు లేదుగదా అని వేలు పెడితే అది గుండెమీదికి తెస్తుంది. 10 వేల ఓముల, 5 వాట్ల వైరువౌండ్ రెసిస్టెన్సు ఒకటి ఇన్సులేషనున్న రెండు వైర్లకు అతికించుకొని, దాన్ని కండెన్సరు కొసలకు పది సెకన్లు తగిలించాలి. తర్వాత మీటరు పెట్టి సున్న అయిందో లేదో చూడాలి, రెండు నిమిషాలాగి మళ్ళీ చూడాలి. ఖాళీ అయిన కండెన్సరులోనూ కొంత వోల్టేజి తిరిగి ఊరుతుంది. స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి ఠప్పుమనిపించటం కొందరికి సరదా. అది కండెన్సరుకూ చెరుపే, కంటికీ చెరుపే.

ఇంకొక సంగతి. ఈమధ్య అందరి ఇళ్ళల్లో ఆర్.సి.సి.బి. పెట్టిస్తున్నారు, షాకు కొడితే తనంతట తనే పడిపోతుందని ధైర్యం. గోడ కరెంటు విషయంలో ఆ ధైర్యం సబబే. కాని ట్రాన్స్‌ఫార్మరు రెండోవైపునుంచి కొట్టే షాకును అది గుర్తించదు. ఆ కరెంటు చుట్టులోంచి బయలుదేరి మన ఒంట్లోంచి ఛాసీకి, ఛాసీలోంచి మళ్ళీ అదే చుట్టుకు తిరుగుతుంది. గోడవైపు లెక్క సరిపోతూనే ఉంటుంది. అందుచేత కరెంటున్నప్పుడు కొలవాల్సివస్తే ఒక చెయ్యి వీపువెనక. నల్లవైరు క్లిప్పుతో ఛాసీకి తగిలించి, ఎర్రవైరు ఒక్కటే రెండో చేత్తో పట్టుకోవాలి. ఉంగరాలు, చేతిగడియారం తీసెయ్యాలి. ఇంట్లో ఇంకొకరు ఉండాలి, మెయిను స్విచ్చి ఎక్కడో వారికి తెలియాలి. గుండెకు పేస్‌మేకరున్నవాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు ఈ పనికి దిగవద్దు. పక్కన కుర్చీ వేసుకొని కుర్రవాళ్ళకు చెప్పి చేయించండి, అందులో చిన్నతనం లేదు.

రాగితీగ ఊడబీకి 1 ఆంపియరు ఫ్యూజు వేశాను. వాల్వులన్నీ పీకి, ఏ బేసుదో చీటీ కట్టి పెట్టాను. అప్పుడు సీరీస్ బల్బు తెచ్చాను. ఫ్యాన్లు, మోటార్లు చుట్టే షాపుల్లో చూసే ఉంటారు, కరెంటు ముందు బల్బుగుండా వెళ్ళి తర్వాత పెట్టెకు పోతుంది. పాతకాలపు అరవై క్యాండిల్ బల్బు కావాలి, ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. పెట్టెలో షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, నష్టం అంతటితో ఆగిపోతుంది. వాల్వులు లేని మంచి ట్రాన్స్‌ఫార్మరయితే బల్బు వెలిగీ వెలగనట్టుంటుంది. మనవడు, నేను, ఆవిడ ముగ్గురం బల్బువంకే చూస్తున్నాం. స్విచ్చి వేస్తే క్షణం మినుక్కుమని ఆరిపోయింది. ఐదు నిమిషాలుంచాను, ట్రాన్స్‌ఫార్మరు చల్లగానే ఉంది. "బతికిందమ్మా" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ పెట్టారు.

తర్వాత కండెన్సరులు. 220ది తీసేశాను. పాతది రెండోది కూడా తీసి, రెండుచోట్లా కొత్తగా 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులవి వేశాను. అటకమీద ఏళ్ళ తరబడి ఉన్న సెట్టును ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టకూడదనటానికి కారణం ఈ కండెన్సరులే. వీటి లోపల అల్యూమినియం రేకుమీద పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. అదే కాపలా. చాలాకాలం కరెంటు తగలకపోతే పొర బలహీనపడుతుంది. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షను ఆగినట్టు, వాటికీ అప్పుడప్పుడు కరెంటు చూపించాలి. ఆగిపోయినవాటికి పూర్తి వోల్టేజి ఒకేసారి ఇస్తే లీకై, వేడెక్కి, ఒక్కొక్కప్పుడు పేలుతాయి. సీరీస్ బల్బుగుండా తక్కువ వోల్టేజితో మొదలుపెడితే కొన్ని కోలుకుంటాయి. ఉబ్బినవి, కారినవి మాత్రం మార్చవలసిందే.

రెక్టిఫయరు వాల్వు తీసేసి దాని స్థానంలో రెండు సిలికాన్ డయోడ్లు పెట్టమని సలహా చెప్పేవాళ్ళున్నారు. నాకు ఇష్టం లేదు. వాల్వు మెల్లగా వేడెక్కి మెల్లగా వోల్టేజి ఇస్తుంది. డయోడు స్విచ్చి వేసిన క్షణానే ఇస్తుంది, పైగా వాల్వులో తగ్గే వోల్టులు తగ్గవు. 300 వోల్టుల చుట్టుకు బరువు లేనప్పుడు కండెన్సరుమీద 420 దాటుతుంది. 450 వోల్టుల కండెన్సరుకు అది గట్టు అంచున నడక.

మళ్ళీ వాల్వులన్నీ పెట్టి, బల్బు తీసేసి, మీటరు చూస్తూ కూర్చున్నాం. ఇది ఓపిక పని. మనవడు పుస్తకంలో ఐదు నిమిషాలకొకసారి అంకెలు వ్రాశాడు. మొదట హెచ్.టి. 320 వోల్టులు. ఇ.ఎల్.84 ఒక్కొక్కదాని 3వ పిన్నుకు కింద 270 ఓముల రెసిస్టెన్సు ఉంది. రెండింటిమీదా 11 వోల్టులు, ఉండవలసినంతే. పది నిమిషాలకు ఎడమదానిమీద 13. ఇరవై నిమిషాలకు 17. అరగంట దగ్గరపడుతుంటే 20, హెచ్.టి. 295కు దిగింది, గుర్రు మొదలైంది. కుడిదాని మీద మాత్రం 10 దగ్గరే నిలిచింది. మనవణ్ణి లైటు ఆర్పమన్నాను. ఎడమ వాల్వు లోపలి రేకు గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉంది. వెంటనే ఆపేశాను.

20 వోల్టులను 270తో భాగించండి. 74 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఉండవలసింది 40. ఆ రేకు భరించగల వేడి 12 వాట్లయితే మోస్తున్నది ఇంచుమించు 18. గుర్రు సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. ఈ రెండు వాల్వులు ఒకటి లాగుతుంటే ఒకటి నెట్టే జోడెద్దుల్లాంటివి. సప్లైలో మిగిలిన కాస్త గుర్రు రెండింటివైపూ సమంగా పోయి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక ఎద్దు పరుగెత్తితే ఆ సమానం పోతుంది, గుర్రు బయటకు వినబడుతుంది. కండెన్సరు చిన్నదని కాదు అది వినబడ్డది.

అయితే వాల్వు ఎందుకు పరుగెత్తింది? వాల్వే చెడిందా? దాన్ని పీకి, ఖాళీ బేసులో 2వ పిన్నుకూ ఛాసీకీ మధ్య చూశాను. అది గ్రిడ్డు. అక్కడ సున్న వోల్టులుండాలి. 14 చూపించింది. వాల్వు లేకుండానే ఉందంటే తప్పు వాల్వుది కాదు. (ఒక వాల్వు తీసి ఇలా కొలిచేటప్పుడు ఒకటి రెండు నిమిషాలకంటే ఉంచవద్దు.) ముందున్న వాల్వునుంచి పాటను మాత్రం తెచ్చి, అక్కడి ఎక్కువ వోల్టేజిని ఆపవలసిన చిన్న కాగితపు కండెన్సరు ఒకటుంది. 0.1 మైక్రోఫారడు, మిరియాల పొట్లమంత. అరవై ఏళ్ళనాటిది. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, పెట్టె వేడెక్కేకొద్దీ లోపలినుంచి కారుతుంది. గ్రిడ్డుమీద ఆ కారిన వోల్టులు పడితే వాల్వుకు కళ్ళెం తెగినట్టే. పవర్ సప్లైకి వచ్చిందనుకున్న జబ్బు అసలు పవర్ సప్లైలో లేదు. అసలు అర్జీ ఇదీ.

చెడింది ఒక్కటే అయినా జత రెండూ మార్చాను. 630 వోల్టుల పాలీప్రొపిలీన్‌వి వేశాను, రెంటికీ కలిపి హోటల్లో ఒక పూట టిఫిన్ ఖర్చు కాలేదు. మాడి గోధుమరంగు తిరిగిన 270 ఓముల రెసిస్టెన్సు కూడా మార్చాను. ఎర్రబడిన వాల్వు గట్టిది, బతికే ఉంది. అదే పెట్టి మూడు గంటలు నడిపాం. ఎడమ 10.6, కుడి 11, హెచ్.టి. 320. కదల్లేదు.

ఒకటి మిగిలింది. ట్రాన్స్‌ఫార్మరుకు 220, 250 అని రెండు ట్యాపింగులున్నాయి. ఒకప్పుడు దీపాలు పెట్టే వేళకు వోల్టేజి పడిపోయేది కాబట్టి ఆయన 220లో పెట్టుకున్నారు. ఇవాళ వాళ్ళ ఇంట్లో నేను చూసినప్పుడు 245 ఉంది. అంటే 6.3 ఉండవలసిన చోట 7 వోల్టులు పోతోంది. వాల్వుల ఆయుష్షు దీనివల్లే హరించుకుపోతుంది. 250కి మార్చి, ఆయన చీటీ కిందనే తేదీ వేసి చీటీ అతికించాను. మనవడు సంతకం చేశాడు. ఆ రాత్రి ఆవిడ ఆయనకు ఇష్టమైన ఘంటసాల రికార్డు పెట్టించుకొని విన్నారు. రెండో వైపు వేసేసరికి "అన్నయ్యగారూ, ఇంకొంచెం గట్టిగా పెట్టమనండి" అన్నారు.

భోజనాలకు వేళయింది, అటకమీద సెట్లున్నవాళ్ళకు ఒక్క హెచ్చరిక చెప్పి ముగిస్తాను. ప్లగ్గు పెట్టకముందే వెనక అట్టమీదో వాల్వుమీదో పేరు చదవండి. ఇ అక్షరంతో మొదలయ్యే వాల్వులయితే సాధారణంగా ఇప్పుడు చెప్పిన రకం. యు.సి.హెచ్.81, యు.ఎల్.84, యు.వై.85 అని యు అక్షరంతో మొదలయితే అది ఎ.సి./డి.సి. సెట్టు. దానిలో కరెంటును విడదీసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఛాసీకి కరెంటు వైరే నేరుగా తగిలి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసీ అంతా 230 వోల్టులు. నాబు ఊడినచోట ఉన్న కడ్డీని పిల్లలు ముట్టుకున్నా షాకే. దానికి మంచిదనుకొని ఎర్తు వైరు తగిలించటం కూడా ప్రమాదమే. అటువంటి సెట్టును తెలిసినవాళ్ళు చూసేదాకా ప్లగ్గు దగ్గరకు తీసుకుపోవద్దు.

ఈ పెట్టె ప్లగ్గు తీసి ఉంది, కండెన్సరులు ఖాళీ చేసే తెచ్చాను. చూడదలచినవాళ్ళు భోజనం తర్వాత బల్ల దగ్గరకు రండి. మీ ఇంట్లో సెట్టున్నట్టయితే వాల్వుల పేర్లు ఒక కాగితంమీద వ్రాసి ఇవ్వండి. ఇ సెట్టో, యు సెట్టో ఇవాళే చెప్పేస్తాను. సెలవు.